ఆఖరి బెండు

మద్దిలేటి దగ్గరికి ఈతకు వచ్చిన ఏ బిడ్డకైనా మొదటిరోజు తొమ్మిది బెండ్లు. కిత్తలి పొద నడుమ నిట్టనిలువునా లేచే మోడును నరికి, ఆర్నెల్లు నీడలో ఎండబెట్టి, జానెడేసి ముక్కలు కోసి, తాడుకు దండలా గుచ్చేవాడు. చేతిలో పెడితే ఖాళీ తేనెపట్టంత తేలిక. నీళ్లలో వేస్తే మహా మొండి. ఎంత తొక్కినా మళ్లీ వెలుగులోకే వస్తుంది. ఆ దండను బిడ్డ వీపుకు కట్టి, కొలనులో లోతైన కొసకు నడిపించుకు పోయి, "దూకు" అనేవాడు. అంతే. వేరే పాఠమేమీ లేదు.

నాలుగైదు రోజులకొకసారి ఒక బెండు తీసేసేవాడు. ఎప్పుడు తీయాలో భుజాలు చెప్పేవి ఆయనకు. బిడ్డ నీళ్లను పట్టుకుని వేలాడటం మాని, నీళ్లమీద ఆనుకోవడం మొదలుపెట్టగానే ఆ రెండు చిన్న భుజాలు కొంచెం కిందికి జారేవి, నిద్రలోకి పోతున్న పక్షి రెక్కల్లాగ. ఆ రోజు ఒకటి తగ్గేది. తొమ్మిది ఎనిమిదయ్యేది, ఎనిమిది ఏడయ్యేది, చివరికి వీపు మీద ఒక్కటి మిగిలేది.

ఆ ఒక్కటి పెద్దగా మోసేదేమీ ఉండదు. అయినా అది వీపున ఉన్నంతకాలం బిడ్డ ఈదేది సగం తన ఈత, సగం దాని ఈత. దాన్ని కూడా విప్పి, పాదాలకు నేల అందని పదడుగుల లోతులో మూడుసార్లు అటూ ఇటూ ఒంటరిగా పోయివస్తేనే మద్దిలేటి "వచ్చింది" అనేవాడు. అంతవరకూ తల్లులు అడిగినా, తండ్రులు అడిగినా ఒకటే మాట: "ఇంకా రాల్యా."

మద్దిలేటిది ఆళ్లగడ్డ. వాళ్ల నాయన బావులు తవ్వేవాడు. తవ్విన బావిలో మొదటి ఊట పడ్డప్పుడల్లా కొడుకును దింపేవాడు. అట్లా పదేళ్లకే ఆ చుట్టుపక్కల నీళ్లన్నీ వాడి ఒంటికి పరిచయమయ్యాయి. ఇరవై నాలుగేళ్ల వయసులో నంద్యాలలో పాలకేంద్రం వీధి ఈతకొలనుకు కాపలా మనిషిగా వచ్చాడు. నేర్పే ఆయన ఉద్యోగం మాని పోతే, కొత్తాయన వచ్చేదాకా చూసుకోమన్నారు. కొత్తాయన రానే లేదు. ఇరవై ఏడేళ్లు మద్దిలేటే చూసుకున్నాడు.

ఆయన పంచాంగం ఆయనది. ఎండలు మొదలైతే సంవత్సరం మొదలైనట్టు. కాలువకు నీళ్లు వదిలితే ముగిసినట్టు. ఊరి పక్కనుంచి పోయే కేసీ కాలువ వేసవంతా ఎండి, పిల్లలకు ఆటస్థలమై ఉంటుంది. వానాకాలం పంటకు నీళ్లు వదిలే రోజున అదే నేల మనిషి లోతున, ఎర్రగా, చప్పుడు లేకుండా పరుగెత్తుతుంది. నిన్నటిదాకా ఆడుకున్న చోటే కదా అని పిల్లలు దిగుతారు. అందుకే "కాలవకు నీళ్లొచ్చేలోపల" అనేది మద్దిలేటికి ఊతపదం. కాలవకు నీళ్లొచ్చేలోపల యాభై మంది. కాలవకు నీళ్లొచ్చేలోపల అరవై మంది.

సందీప్ ఆ లెక్కలో ఒకడు. పాలకేంద్రం వీధి మొదట్లోనే కిరాణా కొట్టున్న ఉమామహేశ్వరమ్మ మనవడు. తొమ్మిదేళ్లు. పళ్లన్నీ కనిపించేలా నవ్వేవాడు. రెండువేల ఇరవై మార్చి నెలలో ఒక శనివారం సాయంత్రం వాడి వీపు మీద ఒక్క బెండు మిగిలింది.

"ఇప్పుడే ఇప్పు తాతా. చూడు, ఎంత బాగా ఈదుతాండానో."

"నీ నోరు ఈదుతాంది బాగా. బుజాలింకా నీళ్లను నమ్మల్యా. సోమారం ఇప్పుదాం, పో."

"ఒట్టు?"

"ఒట్టే పో."

ఆదివారం ఊరంతా మూతబడింది. సోమవారం కొలను గేటుకు తాళం. దేశంలో అన్నింటికీ తాళాలే కాబట్టి ఆ తాళాన్ని ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత బడులు తెరిచారు, గుళ్లు తెరిచారు, సినిమాహాళ్లు తెరిచారు. కొలను మాత్రం తెరవలేదు. మోటారు చెడిందన్నారు, నిధులు లేవన్నారు. మద్దిలేటికి పని లేదని చెప్పడానికి కూడా ఎవరూ రాలేదు. జీతం రావడం ఆగింది, ఆయనే అర్థం చేసుకున్నాడు. బెండ్ల దండలన్నీ గోతం సంచిలో వేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాడు.

ఆళ్లగడ్డలో రోడ్డు పొడవునా శిల్పుల పాకలే. జగన్నాథాచారి పాకలో పని దొరికింది. రంపం తిరుగుతూ రాతిని కోస్తుంటే వేడెక్కకుండా, దుమ్ము లేవకుండా దానిమీద నీళ్లు పోస్తూ ఉండాలి. మద్దిలేటి పోసే తీరు చూసి ఆచారి నవ్వేవాడు.

"ఏం మద్దిలేటీ, రాయికి గూడా ఈత నేర్పుతాండావా ఏందీ?"

"నేర్సుకుంటాది ఆచారీ. మనుసుల కంటే మేలు, చెప్పింది వింటాది."

సగం చెక్కిన దేవుళ్ల నడుమ నిలబడి ఆయన నీళ్లు పోస్తుండేవాడు. నీళ్లు నల్లరాతి మీంచి జారి, తెల్లటి పిండిలో కలిసి, పాలలా పారి, రోడ్డు పక్క ఇంకిపోయేవి. రెండు వేసవులు అట్లా ఇంకిపోయాయి.

వినాయక నిమజ్జనం మరుసటి రోజు నంద్యాల నుంచి ఎవరో ఫోన్ చేసి చెప్పారు, సందీప్ కాలువలో పోయాడని. మద్దిలేటి రంపం ఆపకుండానే నీళ్ల చెంబు కింద పెట్టేసి నంద్యాల బస్సెక్కాడు. కొట్టు ముందు చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. లోపల ఎవరో ఎవరికో చెబుతున్నారు: పిల్లలందరూ గట్టునే ఉండారంట, వీడొక్కడే చిన్న వినాయకుణ్ణి ఎత్తుకోని దిగినాడంట. ఆపబోతే, "నాకు ఈత వచ్చు, మద్దిలేటి తాత నేర్పినాడు" అన్నాడంట.

ఆ మాటకు ఇల్లంతా తలతిప్పి గుమ్మంలోని మద్దిలేటిని చూసింది. సందీప్ తల్లి శ్రీవాణి కూడా చూసింది. ఆమె చంకలో ఆరేళ్ల కూతురు సాయిప్రియ నిద్రపోతోంది. మద్దిలేటి నాలుక చివర ఒక మాట ఉంది: ఒకటి మిగిలిందమ్మా, రాలేదని చెప్పినానమ్మా. తెల్లగుడ్డ కప్పిన బిడ్డ ముందు ఆ మాట తనను తాను కాపాడుకోవడానికి చెప్పినట్టుంటుంది. చెప్పలేదు. అసలేమీ నేర్పకపోయి ఉంటే వాడు నీళ్లకు భయపడి గట్టునే నిలబడేవాడు కదా అన్న ఆలోచన మాత్రం ఆయనతోపాటు బస్సెక్కి ఆళ్లగడ్డకు వచ్చింది. భార్య రామలక్ష్మమ్మ పెట్టిన అన్నంలో, రాత్రి నిద్రపట్టక దొర్లే పక్కలో, రాతిమీద పారే నీళ్లలో అది ఉండేది.

రెండేళ్లకు ఉమామహేశ్వరమ్మ ఫోన్ చేసింది.

"మద్దిలేటీ, మా సాయిప్రియకు ఎనిమిదేండ్లు. దాన్ని వాళ్లమ్మ మిద్దె దిగనీదు. బక్కెట్లో నీళ్లు నిండుగా ఉంటే ఒలకబోస్తాదప్పా. ఎన్నాళ్లు ఒలకబోస్తాది? ఈ ఊళ్లో యాడ చూసినా నీళ్లే. నేనుండంగానే ఆ పిల్లకు ఈత రావల్ల. నువ్వే నేర్పల్ల."

"నేనా అమ్మా?"

"నువ్వు గాక ఎవురు? తొమ్మిదీ ఇప్పి చూపియ్యి నాకు."

"యాడ నేర్పేది తల్లీ? బాయిలన్నీ ఎండి కంప మొలిచినాయి. కొలను తెరిస్తే గదా."

"అయితే తెరిపిచ్చుకుందాం రా."

ఆమె నోట అది కొట్టు షట్టరు ఎత్తినంత తేలికైన పనిలా వినిపించింది. మద్దిలేటికి కూడా, చాలా రోజుల తర్వాత, ఒంట్లో ఏదో తేలినట్టనిపించింది.

అర్జీ తయారైంది. వీధి వీధీ తిరిగారు. మోకాళ్ల నొప్పులకు నీళ్లలో నడవమన్నారని పెద్దాడవాళ్లు సంతకం పెట్టారు. పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే కుర్రాళ్లు పెట్టారు. ఒకప్పుడు మద్దిలేటి దగ్గర బెండ్లు విప్పించుకున్నవాళ్లు ఇప్పుడు తమ బిడ్డలను ఎత్తుకొచ్చి పెట్టారు. మూడువందల పన్నెండు. అర్జీలో మొదటి ముక్క ఏముండాలని తర్జనభర్జన పడ్డారు. పట్టణాభివృద్ధి అని మొదలుపెడదామన్నారు ఎవరో. మద్దిలేటి మొహమాటంగా అన్నాడు:

"పిల్లోని సంగతి ముందు రాయండి. ఒక పిల్లోడు పోయినాడు, ఇంకో పిల్లోడు పోగూడదు అని. సదివినోళ్ల మనసు కరగల్ల."

ఉమామహేశ్వరమ్మ కాసేపు కొట్టులోని త్రాసు వైపు చూసి, "రాయండి" అంది. రాశారు.

అప్పటినుంచి సోమవారం వస్తే మద్దిలేటి నంద్యాలలో మున్సిపల్ ఆఫీసు వసారాలో ఉండేవాడు. అర్జీలు తీసుకునేది సోమవారాలే. బస్సు కండక్టరుకు ఆయన ముఖం అలవాటైంది.

"ఏందన్నా, సోమారం సోమారం పోతాండావ్ నంద్యాలకు? పెండ్లి సంబంధమా ఏందీ?"

"సంబంధమే అప్పా. పిల్ల తరఫోళ్లు ఇంకా ఒప్పుకోల్యా."

"ఈ వయసులో ఎవురొప్పుకుంటారన్నా!"

బస్సంతా నవ్వేది. మద్దిలేటీ నవ్వేవాడు. సంచిలో అర్జీ నకలుతోపాటు ఒక తాడు ఉండేది, ఒకే ఒక్క బెండు గుచ్చిన తాడు. ఎందుకు తెచ్చుకుంటున్నాడో ఆయనకే తెలియదు.

ఆఫీసులో ఎడ్విన్ అనే కుర్ర ఇంజనీరు ఒక్కడే ఆయనకు కుర్చీ చూపించేవాడు. మంచివాడు. అర్జీ చదువుతూ మొదటి ముక్క దగ్గర ఆగిపోయాడు. "నేను చూస్తా పెద్దాయనా" అన్నాడు. చూశాడు కూడా. ఎండాకాలం ముగుస్తుండగా కబురొచ్చింది: కొలను బాగుచేసి తెరుస్తారు. ఉమామహేశ్వరమ్మ కొట్టులో ఆ రోజు వచ్చినవాళ్లందరికీ బెల్లం ముక్క పెట్టింది. మద్దిలేటి ఆళ్లగడ్డ చేలగట్ల వెంట తిరిగి, మోడు లేచిన కిత్తలి పొదలు వెతికి, కొత్తవి నరికి తెచ్చి ఇంటి వసారాలో ఎండబెట్టాడు.

"ఈ మనిసికి మల్లా వయసొచ్చింది" అని రామలక్ష్మమ్మ వాటిని దాటుకుంటూ తిట్టింది. తిట్లలో సంతోషం ఉంది.

ఆ వారంలోనే పాకకు ట్రాక్టరు వచ్చింది. ఏళ్లుగా గుట్టపడిన రాతి ముక్కలు ఎవరికో కావాలట. ఉత్తపుణ్యానికి తీసుకుపోతామంటే ఆచారి సంతోషించాడు. మద్దిలేటి, ఇంకో ఇద్దరు పొద్దంతా ఎత్తిపోశారు. అది మామూలు రాళ్ల గుట్ట కాదు. చెక్కుతూ చెక్కుతూ విరిగిపోయిన దేవుళ్లందరూ అందులో ఉన్నారు. పిల్లనగ్రోవి లేని వేళ్లు, ముక్కు లేని ముఖం, ఏనుగు తొండంలో సగం, ఎవరిదో చిరునవ్వున్న ఒక్క పెదవి. గంపకెత్తుతూ మద్దిలేటి ఆ పెదవిని బొటనవేలితో ఒకసారి తుడిచాడు.

"యాడికి పోతాండాయప్పా ఇవి?" అని ట్రాక్టరు మనిషిని అడిగాడు.

"నంద్యాలకు. ఏదో గుంత పూడుస్తారంట."

మూడు ట్రిప్పులు. మూడూ ఆయన చేతుల మీదుగానే నిండాయి.

సోమవారం ఆఫీసుకు పోకుండా నేరుగా కొలనుకే పోయాడు. అయిదేళ్లకు గేటు తీసి ఉంది. పాదాలు వాటంతటవే లోతైన కొస వైపు నడిచాయి. అక్కడ లోతు లేదు. ఎడమవైపు సగందాకా రాతి ముక్కలు పరిచి, దిమ్మిస కొట్టి, పైన సిమెంటు పోస్తున్నారు. ఇంకా సిమెంటు చేరని చోట ఎండలో ఒక ఏనుగు తొండం, దాని పక్కన వెల్లకిలా ఒక చిరునవ్వు కనిపించాయి.

గట్టున కాగితాలు పట్టుకుని నిలబడ్డ ఎడ్విన్ ఆయన్ను చూసి ఎదురొచ్చాడు.

"ఇదేంది సార్? లోతు యాడ?"

"మూడడుగులు చేస్తాండాం పెద్దాయనా. అట్లంటేనే సంతకం పడింది."

"మూడడుగుల్లో ఈత రాదు సార్. కాలికి నేల తగిలితే ఒళ్లు నేర్సుకోదు."

ఎడ్విన్ గొంతు తగ్గించాడు. "మీ అర్జీలో మొదటి ముక్కేంది? పిల్లోడు పోయినాడని. అది చదివినాక పదడుగుల గుంత తెరవమని ఎవురు రాస్తారు చెప్పు? రేపేమన్నా అయితే, వాళ్లే చెప్పినారు గదా, మల్లా లోతెట్లా పెట్టినావని నా మెడకు చుట్టుకుంటాది."

"ఆ పిల్లోడు పోయింది కాలవలో సార్. లోతులో నేర్పేది ఆగిపోయినందుకు పోయినాడు."

"నాకు తెలుసు. ఫైలుకు తెల్దు."

మద్దిలేటి సిమెంటు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఈడ ఎవురూ సావరు గదా పెద్దాయనా" అన్నాడు ఎడ్విన్, బతిమాలినట్టు. అది అబద్ధం కాదు. ఆ ఆఫీసులో తిట్టడానికి ఒక్క చెడ్డవాడైనా ఉంటే బాగుండేదని మద్దిలేటికి అనిపించింది.

మళ్లీ అర్జీ పెట్టారు. ఈసారి నలభై సంతకాలే వచ్చాయి. "తెరుస్తాండారు గదా, ఇంగేంది?" అన్నారు వీధిలో. "లోతు పెద్దోళ్లకు సరే, పిల్లోళ్లకు ప్రమాదం. ఉన్నది చెడగొట్టుకోవద్దు" అన్నారు. వసారాలో ఎండుతున్న మోళ్లను రామలక్ష్మమ్మ ఏమీ అనకుండా పక్కకు జరిపింది.

జూలై చివరి ఆదివారం కొలను తెరిచారు. గేటుకు మామిడాకులు, రంగు కాగితాలు. నడుమ ఒక ప్లాస్టిక్ ఏనుగు తొండంలోంచి నీళ్లు చిమ్ముతోంది. దాని కింద నేలలో ఇంకో తొండం పూడి ఉందని మద్దిలేటికి ఒక్కడికే తెలుసు. నీళ్లు మాత్రం నీళ్లే. కొత్తగా అతికిన నీలి పెంకుల మీద వెలుతురు వలలాగ ఊగుతోంది. వీధి పిల్లలంతా అందులో ఉన్నారు. శ్రీవాణి గట్టున కూర్చుని ఉంది. నీళ్ల పక్కన ఆమె కూర్చోవడం మూడేళ్లలో ఇదే మొదటిసారి. కూతురు గులాబిరంగు గౌనుతో నీళ్లలో ఉంది. ఒక కాలి వేళ్లు అడుగున ఆన్చి, దానిమీద గెంతుతూ, చేతులతో నీళ్లు కొడుతూ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోయింది. పైనుంచి చూస్తే అచ్చం ఈతే.

"అమ్మా! నాకు ఈత వచ్చేసింది!"

గట్టున అందరూ చప్పట్లు కొట్టారు.

మద్దిలేటి గట్టున వంగాడు. "పాపా, కాలు ఎత్తు చూద్దాం. నేల ముట్టకుండా రా."

సాయిప్రియ కాలెత్తింది. మునిగింది. మరుక్షణం లేచి నిలబడి, ముఖం తుడుచుకుని పకపకా నవ్వింది. నీళ్లు ఆమె ఛాతీకి కూడా సరిగా రాలేదు. "నిలబడితే అయిపాయె గదా తాతా ఈడ!"

"ఆడ నిలబడల్యావు తల్లీ."

"యాడ?" అంది పిల్ల. జవాబు కోసం ఆగకుండా ఏనుగు దగ్గరికి పోయింది.

అప్పుడే గేటు బయట ఆటో ఒకటి మైకులో అరుస్తూ పోయింది: రైతు సోదరులకు విన్నపం, రేపు ఉదయం కాలువకు నీళ్లు వదులుతున్నారు, గట్టు మీద పశువులను కట్టవద్దు, పిల్లలను పంపవద్దు. లోపలి పాటల్లో ఆ మాటలు సగం మునిగిపోయాయి.

"ఇంగ నాకు బయం ల్యా" అంది శ్రీవాణి పక్కావిడతో. "నెలకు చవితి వస్తాంది గదా. ఈసారి నిమజ్జనానికి దీన్ని పంపిస్తా. స్నేహితులంతా పోతాంటే మూడేండ్లు ఏడ్పిచ్చినా పాపం."

మద్దిలేటి లేచాడు. అనకుండా ఉండలేకపోయాడు. "అమ్మా, పాపకు ఈత రాల్యా. కాలవ తావుకు పంపొద్దు తల్లీ. ఇది ఈత గాదు."

శ్రీవాణి తలెత్తింది. ఆ చూపు ఆయనకు తెలిసినదే. గొంతు పెంచలేదు ఆమె.

"లోతులో నువ్వు నేర్పినోడు యాడుండాడప్పా?"

ఏనుగు తొండంలోంచి నీళ్లు పడుతూనే ఉన్నాయి. మూడేళ్లుగా నాలుక చివర ఉన్న మాట ఇంకోసారి పెదవులదాకా వచ్చింది. ఆమె కళ్లు ఇవాళ మొదటిసారి నవ్వాయి. ఆ నవ్వు అంచు ఇంకా ఆరలేదు. మద్దిలేటి ఆ మాటను మింగి, సంచి తీసుకుని గేటు వైపు నడిచాడు.

ఉమామహేశ్వరమ్మ వెనకాలే వచ్చింది, మోకాళ్లు పట్టుకుంటూ. మామిడాకుల కింద ఇద్దరూ నిలబడ్డారు. మద్దిలేటి సంచిలోంచి తాడు తీశాడు.

"ఇది మీ సందీప్‌ది అమ్మా. ఒకటి మిగిలింది వానికి. నేను వచ్చిందని చెప్పల్యా."

"నాకు తెలుసు" అంది ఆమె.

"ఆ శనివారం ఇంటికొచ్చి వాడే చెప్పినాడు. ఒకటి మిగిలిందవ్వా, తాత ఇప్పల్యా అని మూతి ముడుసుకున్యాడు. నిమజ్జనం దినం పోతా అంటే వాళ్లమ్మ వద్దంది. నేనే పంపిచ్చినా. వానికి ఈత వచ్చులే, ఒకటేగా మిగిలింది అన్యా." ఆమె బెండును అందుకుని అరచేతిలో తూచినట్టు పట్టుకుంది. "శ్రీవాణి మొగం చూసి ఇంతవరకూ చెప్పల్యాకపోయినా మద్దిలేటీ. ఇప్పుడు నేను పంపొద్దంటే ఎందుకని అడుగుతాది. ఏమని చెప్పేది?"

లోపలినుంచి సాయిప్రియ కేకేసింది: "అవ్వా, చూడు! చూడవ్వా!"

ఉమామహేశ్వరమ్మ బెండును కొంగులో చుట్టి, ముడివేసి, బొడ్డులో దోపుకుంది. జానెడు ముక్కే, అయినా చీర కింద ఎత్తుగా కనిపిస్తోంది. "వస్తాండా" అంది. ఎవరితో అందో తెలియదు, లోపలికి పోయింది.

సాయంత్రం బస్సు కాలువ వంతెన మీద నెమ్మదించింది. కింద కాలువ ఇంకా ఎండిపోయే ఉంది. పగిలిన మట్టిలో మూడు పుల్లలు గుచ్చి పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. పొద్దు వాళ్ల వెనకనుంచి పడి, కాలువ అడుగున వాళ్ల నీడలు మాత్రం మనిషి ఎత్తుకు మించి పొడుగ్గా సాగాయి.

"ఏమన్నా, కుదిరిందంట గదా సంబంధం?" కండక్టరు వచ్చి పక్కన నిలబడ్డాడు. "కొలను తెరిచినారంట. మా పిల్లలిద్దరినీ నీ తావుకు తోలమంటావా?"

"మూడడుగులే అప్పా లోతు."

"ఇంగేం మరి. బయమే ల్యా" అన్నాడు కండక్టరు, మిషన్ నొక్కి టికెట్టు ఆయన చేతిలో పెడుతూ.